కాలువ గట్టు మీదుగా సముద్రం దాకా

సైకిల్ మీద తొందర లేకుండా, రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లకు మించకుండా, దారిలో కనిపించిన ఊరల్లా ఆగి చూస్తూ చేసే ప్రయాణానికి ఫ్రాన్సు దేశంలో నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అక్కడి వాళ్ళు దాన్ని పందెపు సైక్లింగుతో కలపకుండా ‘సిక్లోతూరిజ్మ్’ అనే వేరే పేరుతో పిలుస్తారు. అటువంటి ప్రయాణానికి పేరుమోసిన దారుల్లో ఒకటి ఆ దేశపు దక్షిణ భాగంలో తులూజ్ నగరం దగ్గర మొదలై, పొద్దుతిరుగుడు చేల మీదుగా, ద్రాక్షతోటల మీదుగా 240 కిలోమీటర్లు సాగి మధ్యధరా సముద్రతీరాన్ని చేరుతుంది. ఇది రోడ్డు కాదు, 17వ శతాబ్దంలో తవ్విన ‘కనాల్ ద్యు మిది’ అనే పడవల కాలువ గట్టు. ‘మిది’ అంటే ఫ్రెంచివారి వాడుకలో దక్షిణదేశం. ఈ గట్టు మీద సైకిల్ తొక్కేవారు అనుభవించే సుఖంలో ప్రకృతి వాటా తక్కువ, మనుషుల శ్రమ వాటా ఎక్కువ. ఆ సంగతి తెలిసి వెళ్ళినవారికి ఈ దారి మరింత బాగా కనిపిస్తుంది.

సైకిల్ విహారానికి ఫ్రాన్సులో ఆద్యుడిగా చెప్పుకునే పోల్ ద వివీ 1853లో పుట్టి, సెంతెత్యేన్ పట్టణంలో పట్టు వ్యాపారం చేసుకుంటూ, 1887లో సైకిల్ సవారీకే అంకితమైన పత్రిక ఒకటి ప్రారంభించి, ‘వెలోసియో’ అనే కలంపేరుతో ప్రసిద్ధుడయ్యాడు. ఈస్టరు పండుగ రోజుల్లో మిత్రులను వెంటబెట్టుకుని దక్షిణాన ప్రోవాన్స్ ప్రాంతానికి సైకిల్ మీద వెళ్ళడం ఆయన అలవాటు. ఆకలి కాకముందే తినాలని, దాహం వేయకముందే తాగాలని, ఎదుటివారి మెప్పు కోసం ఎన్నడూ తొక్కరాదని ఆయన చెప్పిన నియమాలను అక్కడి సైకిల్ ప్రయాణికులు నేటికీ తలచుకుంటారు. ఎత్తుపల్లాలకు తగినట్లు గేర్లు మార్చుకునే ఏర్పాటు ఉండాలని ఆయన జీవితాంతం వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం నిర్వాహకులు మాత్రం అటువంటి సాధనం మగతనానికి తక్కువన్నట్లు చూసి, 1937 దాకా దాన్ని అనుమతించలేదు. అప్పటికి వెలోసియో ట్రాము ఢీకొని మరణించి ఏడేళ్ళు.

ఆయన నేర్పిన విద్య తీరిక గలవారిది. కూలికి వెళ్ళేవాడికి ఆ తీరిక ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు 1936 జూన్‌లో వచ్చింది. లెయోన్ బ్లుమ్ నాయకత్వాన ఏర్పడిన పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ప్రతి కార్మికుడికీ ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధం చేయగా, ఆ వేసవిలో ఫ్యాక్టరీ పనివారు, దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు, కొత్తగా పెళ్ళైన జంటలు కొందరు రైళ్ళలోను, కొందరు ఇద్దరు తొక్కే టాండెం సైకిళ్ళ మీదను సముద్రం చూడడానికి బయలుదేరారు. వారిలో సముద్రాన్ని మొదటిసారి చూసినవారు అనేకులు. సైకిల్ మీద సముద్రతీరానికి వెళ్ళడమంటే ఫ్రెంచివారికి ఇప్పటికీ ఒక మమకారం ఉండడానికి ఆ వేసవి కూడా ఒక కారణం.

ఇక కాలువ సంగతి. ఫ్రాన్సుకు పడమట అట్లాంటిక్ మహాసముద్రం, ఆగ్నేయాన మధ్యధరా సముద్రం ఉండగా, ఒకదాని నుంచి మరొకదానికి సరుకు చేరాలంటే ఓడలు స్పెయిన్ దేశాన్ని చుట్టి, జిబ్రాల్టర్ జలసంధి దాటి, సముద్రపు దొంగల బారినపడే ప్రమాదాన్ని ఎదుర్కొంటూ వేల కిలోమీటర్లు తిరగవలసి వచ్చేది. తులూజ్ నుంచి గరోన్ నది అట్లాంటిక్ వైపు పారుతుంది కాబట్టి, తులూజ్‌కు తూర్పున మధ్యధరా దాకా ఒక కాలువ తవ్వితే ఆ చుట్టుదారి తప్పుతుందన్న ఆలోచన పాతదే గాని, మధ్యలో ఉన్న మిట్ట దగ్గర అందరి ఆలోచనా ఆగిపోయేది. తులూజ్ దగ్గర నేల సముద్రమట్టానికి సుమారు 132 మీటర్ల ఎత్తున ఉంటే, అక్కడికి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నోరూజ్ మిట్ట 189 మీటర్ల ఎత్తున ఉంది. పడవలను మిట్ట ఎక్కించడానికి లాకులు కట్టవచ్చు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో లాకులు చూసినవారికి ఆ పద్ధతి తెలిసిందే. రెండు తలుపుల నడుమ ఉన్న తొట్టిలోకి పడవను రానిచ్చి, నీరు నింపి పైకి లేపుతారు, నీరు వదిలి కిందికి దించుతారు. అయితే లాకు తెరిచిన ప్రతిసారీ ఒక తొట్టెడు నీరు పల్లానికి పోతుంది. మిట్ట మీది నీరు అటు తులూజ్ వైపూ ఇటు సముద్రం వైపూ నిత్యం దిగిపోతూ ఉంటే, ఆ శిఖరానికి ఏడాది పొడవునా నీరెక్కడి నుంచి తేవాలన్నదే అసలు చిక్కు.

దీన్ని విప్పిన పియెర్-పోల్ రికే ఇంజనీరు కాడు, ఉప్పుపన్ను వసూలు చేసే గుత్తేదారు. ఉప్పుపన్ను పేరు వింటే దండి యాత్ర గుర్తుకొచ్చే మన దేశపు శ్రోతలకు ఆ వృత్తి మీద సదభిప్రాయం కలగడం కష్టమే. ఫ్రాన్సులోనూ ఆ పన్నంటే జనానికి గిట్టేది కాదు. ఆ వసూళ్ళ కోసం కొండాకోనా తిరిగిన రికే, ఉత్తరాన ఉన్న మోంతాన్ న్వార్, అంటే నల్లకొండ, వాగుల నీటిని పిల్లకాలువల ద్వారా నోరూజ్ మిట్టకు మళ్ళించవచ్చునని గ్రహించాడు. వేసవిలో ఆ వాగులు సన్నబడతాయి కాబట్టి సెన్-ఫెరియోల్ అనే చోట లోయకు అడ్డంగా పెద్ద ఆనకట్ట కట్టి, వానాకాలపు నీటిని 60 లక్షల ఘనపు మీటర్లకు పైగా నిలవ చేయాలని ప్రతిపాదించాడు. రాజు 14వ లూయీ, మంత్రి కోల్బేర్ ఒప్పుకొని 1666లో ఆజ్ఞాపత్రం ఇచ్చారు. వేలాది కూలీలు 15 ఏళ్ళ పాటు తవ్వారు. వానపడి పని ఆగిన రోజులకు, పండుగలకు కూడా రికే కూలి ఇచ్చాడన్నది ఆ కాలానికి అరుదైన విషయం.

ఆ కూలీల్లో ఆడవారూ ఉన్నారు. పిరనీస్ కొండపల్లెల నుంచి వచ్చిన ఆ స్త్రీలకు వాగునీటిని వాలు చూసి మళ్ళించడం తరతరాలుగా తెలిసిన పని. కాలువ నిర్మాణంలో పేరులేని ఈ పల్లెల పరిజ్ఞానం ఎంత ఉందో అమెరికా సామాజిక శాస్త్రవేత్త చంద్రా ముఖర్జీ 2009లో వెలువడిన తన గ్రంథంలో నిరూపించారు. కాలువ గట్టు మీద విగ్రహాలూ స్తంభాలూ రికేకే దక్కాయి. ఆయన 1680 అక్టోబరులో అప్పులతోనే కన్నుమూశాడు, 1681 మే నెలలో కాలువ ప్రారంభమైంది.

పడవలను గుర్రాలు లాగేవి. అవి నడవడానికి నీటి పక్కనే వేసిన బాటే నేటి సైకిల్ దారి. గుర్రం బరువు లాగాలంటే బాట చదునుగా ఉండాలి, మలుపులు మెత్తగా ఉండాలి. అందువల్ల తొక్కేవాడి మోకాళ్ళకు కావలసినవన్నీ గుర్రపు డెక్కల కోసం ముందే అమరిపోయాయి. తులూజ్ నుంచి నోరూజ్ వరకు ఎక్కవలసింది మొత్తం 57 మీటర్లే. అది కూడా 50 కిలోమీటర్లకు పైగా దూరంలో పరచుకుని ఉండడం వల్ల, లాకుల దగ్గర వచ్చే చిన్న మిట్టల్లో తప్ప ఎక్కుతున్నట్లే తెలియదు. అక్కడి నుంచి సముద్రం దాకా అంతా దిగుడే. అమెరికా తరఫున ఫ్రాన్సులో రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ 1787 మే నెలలో తన బండిని పడవ మీదకెక్కించి ఈ కాలువ పొడవునా ప్రయాణిస్తూ, విసుగు పుట్టినప్పుడల్లా దిగి ఈ గట్టు మీదనే నడిచాడు.

తులూజ్ విడిచాక సైకిల్ ముందుగా ప్రవేశించేది లోరాగే అనే పంటసీమలోకి. గోధుమ, పొద్దుతిరుగుడు చేలు రెండువైపులా గుట్టల మీదుగా పాకిపోతూ ఉంటాయి. 15, 16 శతాబ్దాల్లో ఈ నేలలో ‘పాస్తెల్’ అనే మొక్క పండించి, దాని ఆకుల నుంచి నీలిరంగు తీసి తులూజ్ వర్తకులు మేడలు కట్టారు. మతయుద్ధాలు ఒకవైపు, భారతదేశం నుంచి దిగుమతైన నీలిమందు మరొకవైపు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. తరువాతి శతాబ్దంలో డచ్చివారు మచిలీపట్నం రేవు నుంచి కూడా నీలిమందు ఓడలకెత్తారు కాబట్టి, ఈ చేలను చూసే తెలుగువారికి అది బొత్తిగా పరాయి కథ కాదు.

ఈ మొదటి భాగంలో గట్టు మీద తారు పరిచి ఉంటుంది. లాకు లాకుకూ దాని కాపరి కోసం కట్టిన చిన్న ఇల్లు, గుమ్మం పైన ఒక లోహపు పలక, ఆ పలక మీద లాకు పేరు, దానికి అటూ ఇటూ ఉన్న లాకులకు మీటర్లలో దూరం కనిపిస్తాయి. సైకిల్ మీద వెళ్ళేవాడికి అంతకంటే నమ్మకమైన మైలురాయి అక్కరలేదు. తొట్టి గోడలు తిన్నగా కాక, మధ్యలో 11 మీటర్ల వెడల్పుకు ఉబ్బి, తలుపుల దగ్గర 6 మీటర్లకు సన్నబడి, కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. తొలిరోజుల్లో తిన్నని గోడలతో కట్టిన లాకు మట్టి ఒత్తిడికి కూలిపోవడంతో, గోడలను పక్కకు పరుండబెట్టిన కమానుల్లా వంచి, మట్టి ఎంత నెడితే రాళ్ళు అంత బిగుసుకునేట్లు రికే మనుషులు ఈ ఆకారాన్ని స్థిరపరిచారు.

నోరూజ్ చేరాక సైకిల్ దిగక తప్పదు. ఇక్కడ చూడడానికి పెద్ద కట్టడమేమీ లేదు. ప్లేన్ చెట్ల నడుమ నుంచి నల్లకొండ నీరు సన్నని కాలువగా చప్పుడు లేకుండా వచ్చి కలుస్తుంది. కలిసిన నీటిలో కొంత పడమటికి మరలి గరోన్ ద్వారా అట్లాంటిక్‌కు పోతుంది, మిగిలింది తూర్పుకు మరలి మధ్యధరాను చేరుతుంది. పక్కనే గుట్ట మీద పెద్ద బండరాళ్ళున్నాయి, వాటి పగుళ్ళు మూసుకున్న నాడు ప్రళయం వస్తుందని స్థానికుల నమ్మకం. రికే స్మారకస్తంభం 19వ శతాబ్దంలో ఆ రాళ్ళ మీదనే నిలిపారు. ఈ ప్రయాణంలో కోటల కంటే, వంతెనల కంటే ముందు చూడవలసినది నోరూజ్ దగ్గరి ఈ చిన్న నీటిపాయ. దీన్ని ఫోటో తీసుకుని పావుగంటలో సాగిపోయేవారు కాలువను చూసినట్లు కాదు.

నోరూజ్ పరిసరాల్లో జిల్లా సరిహద్దు దాటగానే తారు పోయి మట్టిబాట వస్తుంది, చెట్ల వేర్లు అడ్డంగా తేలి ఉంటాయి. పందెపు సైకిళ్ళ సన్నటైర్లు ఇక్కడికి పనికిరావు. కాస్త వెడల్పు టైర్లు, ఒక అదనపు ట్యూబు, గాలిపంపు వెంట ఉండాలి. కాస్తెల్‌నోదారి పట్టణంలో కాలువ విశాలమైన కొలనుగా విస్తరిస్తుంది. ఈ ఊరికి కీర్తి తెచ్చిన వంట ‘కసులే’. తెల్ల చిక్కుడుగింజలను బాతుమాంసం, పందిమాంసంతో కలిపి మట్టిమూకుడులో గంటల తరబడి నిదానంగా కాగనిచ్చి, పైన కట్టిన పొరను మళ్ళీమళ్ళీ లోపలికి గుచ్చి, మరోసారి పైపొర ఎర్రబడేదాకా ఉంచుతారు. దాన్ని కడుపునిండా తిని వెంటనే సైకిలెక్కడం ఎవరికీ క్షేమం కాదు. శాకాహారులు అంగడిలో దొరికే రొట్టె, జున్ను, ఆలివులు, పండ్లతో సరిపెట్టుకోవచ్చు. వెలోసియో స్వయంగా శాకాహారి కాబట్టి వారు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

ఆ తరువాత దారిలో వచ్చే కర్కసోన్ పట్టణపు కోట ప్రపంచ ప్రసిద్ధం కనుక దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దంలో వియోలే-ల-ద్యుక్ అనే వాస్తుశిల్పి చేయించిన పునరుద్ధరణలో నాటి ఊహ కూడా కొంత చేరిందని మాత్రం గుర్తుంచుకోవాలి. కర్కసోన్ దాటాక కనిపించే మరో దృశ్యం దగ్గర ఎక్కువసేపు ఆగడం అవసరం.

ఈ కాలువ ఫోటోల్లో తప్పక కనిపించేది రెండు గట్ల మీది ప్లేన్ చెట్ల గుబురు. మచ్చలు మచ్చలుగా బెరడు ఊడే ఈ చెట్లను ప్రధానంగా 19వ శతాబ్దంలో నాటారు. మొత్తం సుమారు 42,000. వాటి నీడ పడవవాళ్ళకు హాయినిచ్చింది, నీరు ఆవిరి కాకుండా తగ్గించింది, వేర్లు గట్టును పట్టి ఉంచాయి. 2006లో కర్కసోన్ దగ్గరి విల్‌ద్యుబేర్ అనే ఊరి వద్ద ఈ చెట్లకు ఒక శిలీంధ్రవ్యాధి సోకినట్లు కనుగొన్నారు. రెండో ప్రపంచయుద్ధం చివర అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు పెట్టెల చెక్క ద్వారా ఈ శిలీంధ్రం ఫ్రాన్సులో అడుగుపెట్టిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అది చెట్టు లోపలి నీటినాళాలను మూసివేయగా, కొన్నేళ్ళలోనే మహావృక్షం కూడా నిలువునా ఎండిపోతుంది. ఈ జబ్బుకు మందు లేదు. జబ్బు కాలువ నీటిలో తేలి కిందికి పోతుంది, పక్క చెట్టు వేరును తాకి పాకుతుంది, బెరడుకు రాసుకున్న పడవ తాడుతో మరో రేవుకు చేరుతుంది. అందుకే పడవలను చెట్లకు కట్టడం నిషేధించారు. జబ్బుపడిన చెట్టునే గాక చుట్టుపక్కలవాటినీ కొట్టి, అక్కడికక్కడే తగలబెట్టి, పనిముట్లను శుద్ధిచేస్తారు. ఇప్పటికి సగానికి పైగా చెట్లు పోయాయి. కాలువ నిర్వహణ సంస్థ ఒకే జాతిని వరుసగా నాటిన పాత పద్ధతిని విడిచి, ఓక్ వంటి పలు జాతుల మొక్కలను కలిపి నాటుతోంది. నడివేసవిలో కిలోమీటర్ల తరబడి మోడుగా ఉన్న గట్టు మీద ఎండలో తొక్కేటప్పుడు గాని, చెట్టు వేసిన నీడ విలువ ఎంతో తొక్కేవాడికి బోధపడదు. వాటి నీడ మళ్ళీ రావడానికి ఒక తరం పడుతుంది.

అర్జాన్స్ అనే ఊరు దాటాక కాలువ స్వభావం మారుతుంది. అక్కడి నుంచి 54 కిలోమీటర్ల దూరం ఒక్క లాకు కూడా లేదు. సమమట్టం చెడకుండా కాలువ గుట్టల నడుములను పట్టుకుని మెలికలు తిరుగుతుంది కనుక, ఎదురుగా కనిపించే గుడిగోపురం చేరడానికి గంట పట్టవచ్చు. గమ్యం మీదనే చూపున్నవారికి ఇది విసుగు. రెండువైపులా ద్రాక్షతోటలు, ల సొమాయ్ పల్లెలో నడుమెత్తిన పాతరాతి వంతెన, పడవ ప్రయాణికులకు వెనుకటి కాలంలో బస ఇచ్చిన సత్రం, ఇవన్నీ ఆ మెలికల్లోనే ఉన్నాయి.

బెజియే పట్టణానికి కొద్ది దూరంలో మల్పా దగ్గర ఆన్సెర్యూన్ గుట్ట అడ్డుపడితే, 1679–80లో దాని కిందుగా సుమారు 170 మీటర్ల సొరంగం తవ్వారు. పడవలు వెళ్ళే కాలువ కోసం ఐరోపాలో తవ్విన మొదటి సొరంగం ఇదేనంటారు. సైకిల్ దారి దాని పైగా వెళుతుంది. అక్కడ కొంచెం శ్రమపడి ఆ గుట్ట ఎక్కితే, కింద మోంతాదీ చెరువు కనిపిస్తుంది. దాన్ని 13వ శతాబ్దంలోనే ఎండగట్టి పొలాలుగా మార్చారు. గుండ్రని నేల మధ్యలో ఒక బిందువు, దాని నుంచి చక్రపు ఆకుల్లా అన్ని దిక్కులకూ చీలిన కాలవలు, వాటి మధ్య త్రికోణపు చేలు. మధ్యకు చేరిన నీరు గుట్ట కిందుగా తవ్విన ఒక పొడవాటి సొరంగం ద్వారా బయటికి పోతుంది. తరువాత వచ్చిన రైలుమార్గానికి కూడా అదే కొండలో మరో సొరంగం వేయడంతో, మధ్యయుగపు మురుగు కాలువ అడుగున, రైలు దాని పైన, పడవల కాలువ వాటన్నిటి పైన, ఒకే గుట్ట పొట్టలో మూడు కాలాలు ఒకదాని మీద ఒకటి సాగుతున్నాయి.

బెజియే రికే పుట్టిన ఊరు. ఊరి అంచున ఫోన్‌సెరాన్ దగ్గర కాలువ మెట్లు దిగినట్లు ఎనిమిది తొట్ల మీదుగా 21 మీటర్లకు పైగా ఒక్కసారిగా దిగుతుంది. ఇంతదాకా చదునుకు అలవాటుపడిన సైకిలుకు బ్రేకుల అవసరం గట్టిగా కలిగేది ఇక్కడే. 1980లలో పక్కనే ఏర్పాటుచేసిన, పడవలను వాలు మీదుగా తరలించే ఆధునిక యంత్రం చాలాకాలంగా పనిచేయకుండా పడి ఉండగా, 17వ శతాబ్దపు తొట్లు నేటికీ పడవలను దించుతూనే ఉన్నాయి. దిగువన ఓర్బ్ నది మీదుగా 1858లో పూర్తైన అక్విడక్టు కాలువను దాటిస్తుంది. ఆ తరువాత నల్లరాతి ఆగ్ద్ పట్టణం వస్తుంది. దాన్ని ప్రాచీన కాలంలో గ్రీకులు స్థాపించారు.

మార్సెయాన్ దగ్గర చిన్న దీపస్తంభం పక్కన కాలువ ముగిసి, తో అనే ఉప్పునీటి సరస్సులో కలుస్తుంది. సముద్రానికీ ఈ సరస్సుకూ నడుమ ఇసుకదిబ్బ మాత్రమే అడ్డు. సరస్సులో వరుసగా పాతిన కొయ్యల మీద దూలాలు, వాటికి వేలాడే తాళ్ళు, తాళ్ళకు ఒక్కొక్కటిగా సిమెంటుతో అతికించిన ఆయిస్టరు చిప్పలు కనిపిస్తాయి. మధ్యధరాకు ఆటుపోట్లు లేనట్లే కాబట్టి అట్లాంటిక్ తీరంలో వలె చిప్పలకు రోజుకు రెండుసార్లు గాలి తగిలే అవకాశం ఇక్కడ లేదు, అవి ఎప్పుడూ నీటిలోనే ఉండి త్వరగా పెరుగుతాయి. ఇసుకదిబ్బ మీద సముద్రపు ఒడ్డునే వేసిన సైకిల్ దారి సెత్ రేవుపట్టణానికి చేరుస్తుంది. కాలువకు సముద్రద్వారంగా ఈ రేవు 1666లో ప్రారంభమైంది. కవి పోల్ వలేరీ 1871లో పుట్టింది, ఆయన సమాధి ఉన్నది కూడా ఈ ఊరిలోనే.

కాలువ వ్యాపారాన్ని చంపింది రైలు. 1857లో బోర్దో–సెత్ రైలుమార్గం పూర్తికాగా, మరుసటి ఏడాది కాలువ నిర్వహణ కూడా ఆ రైలు కంపెనీకే గుత్తకు దక్కింది. పోటీదారు చేతిలో పడిన కాలువ ఎలా బాగుపడుతుంది? సరుకు పడవలు క్రమంగా తగ్గి, 20వ శతాబ్దం చివరికి ఆగిపోయాయి. యునెస్కో 1996లో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించే నాటికి కాలువ మీద మిగిలింది విహారపు పడవలు, గట్టు మీద సైకిళ్ళు.

ఈ ప్రయాణం తలపెట్టే శ్రోతలు కొన్ని సంగతులు గమనించాలి. జులై, ఆగస్టు నెలల ఎండ తప్పించుకుని మే, జూన్, సెప్టెంబరు నెలల్లో వెళ్ళడం మేలు. తులూజ్ నుంచి సెత్ వైపు వెళితే, నోరూజ్ దాటాక నేల వాలుతో పాటు ‘సేర్స్’ అనే పడమటి పొడిగాలి కూడా వెనుక నుంచి తోస్తుంది. అయితే ఆగ్నేయం నుంచి ‘ఒతాన్’ గాలి ఎదురుకొట్టే రోజులూ ఉంటాయి, ఆ రోజుల్లో పట్టుదలకు పోకుండా ఏదో ఒక ఊళ్ళో ఆగిపోవడం ఉత్తమం. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసి ఉంటాయి, మంచినీరు, తిండి ముందే కొనుక్కోవాలి. సైకిల్ తులూజ్‌లో అద్దెకు తీసుకుని తీరంలో అప్పగించే వీలుంది, సొంత సైకిలుంటే సెత్‌లో రైలెక్కించుకుని తిరిగి రావచ్చు. భారతీయులు షెన్‌గెన్ వీసా తీసుకోవాలి. పనిదినాలు లెక్కపెట్టుకుని మూడు రోజుల్లో ముగించాలనుకునేవారు ఈ దారికి రాకపోవడమే మంచిది. కనీసం వారం రోజుల సెలవు పెట్టి బయలుదేరాలి.